కారు చుట్టూ ఒకసారి

సంతోషం గారు కారెక్కే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు చక్రాలూ చేత్తో తట్టి చూడాల్సిందే. మంచు కురిసినా, చర్చికి ఆలస్యమైనా, అంతసేపూ భార్య మార్తమ్మ చలిలో నిలబడాల్సిందే. అరవై అయిదు, డెబ్భై ఒకటి యుద్ధాల్లో, ఆ తర్వాత శ్రీలంకలో వైమానిక దళం సరుకు విమానాలు నడిపిన మనిషి మరి. చుట్టూ తిరిగి చూసుకోకుండా ఒక్కరోజూ పైకి లేవలేదు. కెనడాలో ఈ ఎటోబికో ఊరికి వచ్చాక మార్తమ్మ ఆసుపత్రి ఉద్యోగానికి ఇరవై ఏళ్లు సొంతంగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్లింది. అయినా తాను కార్లో ఉండగా ఆవిడకు తాళం ఇచ్చిన పాపాన పోలేదు ఆయన.

ఇక్కడ ఎనభై దాటినవాళ్లు రెండేళ్లకోసారి కంటి పరీక్ష చేయించుకుంటేనే లైసెన్సు రెన్యూ అవుతుంది. ఈసారి వారం ముందు నుంచే ఆయనకు గుబులు పట్టుకుంది. అదీ పోతే ఇంక తాను ఎందుకూ పనికిరాడని భయం. లైసెన్సు ఆఫీసులో వరసలో ముందున్న పెద్దాయన యంత్రంలోకి చూస్తూ అక్షరాలు పైకి చదువుతుంటే, సంతోషం గారు వెనక నిలబడి బట్టీ పట్టేశారు. తన వంతు రాగానే గడగడా అప్పజెప్పారు. పాసయ్యారు.

శ్రీలంకకు వెళ్లే ముందు పైలట్ల మెడికల్ పరీక్షలోనూ ఇదే పని చేశారు. ఆ సంగతి చర్చిలో కుర్రాళ్లకు నవ్వుతూ చెప్పుకునేవారు కూడా.

బయటికొచ్చి ఎప్పటిలాగే కారు చుట్టూ తిరిగారు. మూడు చక్రాలు తట్టారు. నాలుగోదాని కోసం వంగి చెయ్యి చాపితే చేతికి గాలి తగిలింది. చక్రం జానెడు పక్కన ఉంది.

"ఏవండీ, టైరులో గాలి తగ్గిందా?" అంది మార్తమ్మ.

"టైరు బాగానే ఉంది."

ఆయన వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. నలభై ఏళ్లుగా లేని సిగ్గు ఇప్పుడు ముంచుకొచ్చింది.

"అప్పట్లో నాకు కనబడనిది పక్కనున్న కోపైలట్ చూసేవాడు మార్తా. ఇప్పుడు నా పక్కన కూర్చునేది నువ్వు," అన్నారు చివరికి. తాళం ఆవిడ చేతిలో పెట్టి, అటు వైపు సీట్లో కూర్చున్నారు.

మార్తమ్మ వెంటనే ఎక్కలేదు. నిదానంగా కారు చుట్టూ తిరిగింది. వంగి నాలుగు చక్రాలూ తట్టింది. ఆయన కిటికీ దగ్గర ఆగి, లోపలున్న మనిషిని కూడా ఒకసారి పరీక్షగా చూసింది.

"అన్నీ బాగానే ఉన్నాయి. బెల్టు పెట్టుకోండి," అంది.