కోసిన కుర్చీ

తుంటి కీలు మార్పించుకుని ఇంటికొచ్చిన భార్యకు ఎత్తు కుర్చీలో కాళ్లు నేలకందడం లేదని, వడ్రంగి ఆ కుర్చీ కోళ్లు జానెడు కోసేశాడు. మోకాళ్లు తుంటి కంటే పైకి రాకూడదని డాక్టరు చెప్పిన మాట ఆయన చెవికెక్కనే లేదు.

"ఇక మహారాణిలా కూర్చో," అన్నాడు.

ఆమె కూర్చోగానే తుంటిలో టక్కుమంది. కెవ్వున కేక పెట్టింది. ఆ కాలు పొట్టిదైపోయి, పాదం లోపలికి తిరిగిపోయింది. వడ్రంగి కంగారుగా ఆ కాలు లాగి సరిచేద్దామని వంగాడు.

"చెయ్యి వేశారంటే ఊరుకోను! అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!"

ఆసుపత్రిలో మత్తిచ్చి కీలును మళ్లీ గూట్లో కూర్చోబెట్టారు.

"ఇలాగే జారుతుంటే ఇంకో ఆపరేషన్ తప్పదు. అసలేం జరిగిందమ్మా?" అన్నాడు డాక్టరు.

"మా ఆయన కుర్చీ కోశాడండీ. ఇన్నేళ్ల కాపురంలో నా కోసం చేసిన మొదటి పని."

వడ్రంగి నిలువునా కొయ్యబారిపోయాడు.