చెత్తడబ్బా మూత

మూడు నెలలుగా మా పక్కింటి లైనల్ చెత్తడబ్బాకి మూత లేదు. మూత అతని ఎడమచేతిలో ఉండేది. రోజూ పొద్దున్నే రబ్బరు బూట్లు తొడుక్కుని, ఆ మూతని డాలులా పట్టుకుని కోళ్లదొడ్లోకి యుద్ధానికి బయల్దేరేవాడు. శత్రువు పేరు బటన్. యుద్ధం వాళ్లది, ఈగలు మాత్రం మా వంటింట్లోకి వచ్చేవి.

ఆ పుంజుని పెంచింది లైనలే. తల్లికోడిని క్వోల్ అనే పిల్లిలాంటి అడవిజంతువు నోట కరుచుకుపోతే, రెండ్రోజుల పిల్లని చొక్కాజేబులో వేసుకు తిరిగాడు. బొత్తామంత ఉందని బటన్ అని పేరు పెట్టాడు. చలికాలమంతా పొయ్యి పక్కన కూర్చుని రేడియోలో ఫుట్‌బాల్ వింటుంటే అది అతని భుజమెక్కి కునికిపాట్లు పడేది. మగపిల్లని చేతుల్లో పెంచకు, మనిషంటే బెదురు పోతుంది, రేపు నిన్ను కూడా ఇంకో పుంజే అనుకుంటుంది అని చెప్పాను.

"నీకు కుళ్లు, నోరీన్," అన్నాడు.

తోక పెరిగింది, కూత వచ్చింది, కాళ్లకి ముళ్లు లేచాయి. ఆపిల్ చెట్లు పూతకొచ్చేసరికి లైనల్ పిక్కలో ఒక ముల్లు దిగనే దిగింది. అతనికి షుగరు. ఆ పుండు మానలేదు. మంగళవారం కట్టు మార్చడానికొచ్చిన నర్సు టామ్సిన్ మొహమాటం లేకుండా చెప్పేసింది.

"ఇంకో ముల్లు దిగితే ఈ కాలికి నేను హామీ ఇవ్వలేను. నేను మళ్లీ వచ్చేసరికి ఆ పుంజు ఉండకూడదు."

మా వీధిలో కోడిని కోయాలంటే నన్నే పిలుస్తారు. సాయంత్రం లైనల్ కంచె దగ్గరికొచ్చి నేలచూపులు చూస్తూ అడిగాడు.

"ఆదివారం ఖాళీయేనా?"

"ఖాళీయే. బంగాళాదుంపలు కూడా వేసి వండమంటావా?"

అతని కళ్లు నీళ్లతో నిండాయి. నా నోటికి అదుపు లేదు. నా మీద నాకే కోపమొచ్చి, "రేపు మేత ఎలా వేస్తావో ఒకసారి చూడనీ," అన్నాను.

మర్నాడు కంచె ఇవతల నిలబడి చూశాను. లైనల్ దొడ్లోకి అడుగుపెట్టి "చుక్ చుక్ చుక్" అని పిలిచాడు. ఆరు పెట్టలూ రెక్కలు కొట్టుకుంటూ అతని కాళ్ల చుట్టూ చేరాయి. అతని మొహం వెలిగిపోయింది. రొట్టె తుంచి వాటికి వేస్తుంటే బటన్ ఒక రెక్క కిందికి జార్చి, పక్కపక్కగా నడుస్తూ వచ్చి దూకింది. లైనల్ మూత అడ్డుపెట్టి ఒక తన్ను తన్ని, వెనక్కి నడిచాడు. అది మళ్లీ దూకింది.

"ఇక చాలు, బయటికి రా!" అని అరిచాను.

"వాడికేం తక్కువ చేశాను చెప్పు?" అన్నాడు రొప్పుతూ.

"ఆ దొడ్లో పెట్టల్ని పిలిచి తినిపించడం ఎవరి పని?"

"నాది."

"కాదు, వాడిది. పురుగు దొరికితే తను మింగడు, టుక్ టుక్ అని పెట్టల్ని పిలిచి పెడతాడు. నువ్వేమో వాడి కళ్లముందే వాడి పెళ్లాల్ని పిలిచి రొట్టె పెడుతున్నావు. పైగా తంతావు. తంతే నువ్వూ పోటీకి దిగినట్టే. వెనక్కి నడిస్తే ఓడిపోయినట్టే."

"మరేం చెయ్యను?"

"మూత బయట పెట్టి వెళ్లు. పిలవకు. వాడు అడ్డమొస్తే తన్నకు, తప్పుకోకు, మెల్లగా ముందుకే నడువు. రొట్టె వాడి ముందు పడేసి వచ్చెయ్."

లైనల్ చేతిలో మిగిలిన రొట్టెముక్కని అటూ ఇటూ తిప్పాడు.

"పిలవకపోతే అవి నా దగ్గరికి రావు కదా."

"రావు."

"డాఫ్నీ పోయాక, పిలిస్తే పరుగెత్తుకొచ్చేవి అవే, నోరీన్."

భార్య పేరెత్తాక నేనేం అంటాను? ఆదివారం దాకా టైముంది, నువ్వే తేల్చుకో అని లోపలికి వచ్చేశాను.

గురువారం లైనల్ నా చేతికి మూత ఇచ్చి, వట్టి చేతులతో దొడ్లోకి వెళ్లాడు. బటన్ బూటు మీద రెండుసార్లు దూకింది. అతను తన్నలేదు, ఆగలేదు. శుక్రవారం ఒక్కసారే దూకింది. శనివారం దారికి అడ్డంగా నిలబడి, అతను దగ్గరికి రాగానే పక్కకి తప్పుకుంది. లైనల్ రొట్టె దాని ముందు పడేశాడు. అది ఒక ముక్క ముక్కుతో ఎత్తి, కింద పెట్టి, టుక్ టుక్ అంది. ఆరు పెట్టలూ దాని దగ్గరికి పరుగెత్తాయి. లైనల్ వైపు ఒక్కటి కూడా చూడలేదు. ఆ పిలుపుకి అతని కాలు కూడా ఒక అడుగు ముందుకి పడి ఆగిపోయింది.

ఆదివారం నేను కత్తి తియ్యలేదు. లైనల్ మూత తీసుకెళ్లి చెత్తడబ్బా మీద పెట్టాడు.

"ఇక నీకు ఈగల బెడద తప్పింది," అని తలుపు వేసుకున్నాడు.

ఈగలు నిజంగానే పోయాయి. కానీ రోజూ అదే వేళకి మెలకువ వచ్చి, వినపడని ఆ చుక్ చుక్ కోసం చెవులు రిక్కించుకుని పడుకుంటున్నాను. బాధగా ఉంది, దాచడమెందుకు.

ఇవాళ పొద్దున్న ఇక పడుకోలేక, లేచి కంచె దగ్గరికెళ్లి కేకేశాను.

"లైనల్! టీ పెట్టాను, రా!"

కాలికి కట్టుతోనే పరుగెత్తుకొచ్చాడు.