పాత అడ్రసుకు ఒక కాపీ

మందుల షాపుల కంపెనీ నుంచి పదకొండు లక్షల మంది వివరాలు దొంగల పాలైన మర్నాడు, మా బల్లల మీద పెన్నులు లాక్కున్నారు.

ఆ కంపెనీ తరఫున ఫోన్లు ఎత్తే కాల్ సెంటర్ వాళ్ళం మేము. దొంగతనం జరిగింది ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లో. దానికి తాళం వెయ్యడం మరిచిపోయినవాళ్ళు కోట్లు తొడుక్కుని టీవీలో విచారం వెలిబుచ్చి చేతులు దులుపుకున్నారు. మా పెన్నులు, కాగితాలు, ఆఖరికి నా నీళ్ళ సీసాకు అంటించుకున్న చీటీ కూడా పీకి ఒక అట్టపెట్టెలో పడేశారు. ఇకనుంచి కస్టమర్ల వివరాలు భద్రంగా ఉంటాయన్నారు. సెల్‌ఫోన్లు అంతకుముందు నుంచే లాకర్లలో ఉండేవి.

మా సూపర్‌వైజర్ని మేం గడియారం అని పిలుచుకునేవాళ్ళం. ఒక్కో ఫోన్ కాల్‌కు ఆరు నిమిషాలు. ఏడో నిమిషం పడిందంటే మన కుర్చీ వెనక నిలబడి మణికట్టు చూసుకునేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. అతను చెడ్డవాడని నేను చెప్పను. చెడ్డవాడైతే కోపం తీర్చుకోవడానికి నాకొక మనిషైనా దొరికేవాడు.

ఏం చెప్పాలో రెండు పేజీలు రాసిచ్చారు. మొదటి వాక్యం: మీ భద్రతే మాకు ముఖ్యం. ఏమేం పోయాయని అడిగితే, కొంతమంది కస్టమర్ల కొన్ని వివరాలు అనాలి. అంతకు మించి నోరు జారకూడదు. అడిగినవాళ్ళందరికీ ఏడాదిపాటు ఉచితంగా రక్షణ పథకం. మీ పేరుతో ఎవడైనా అప్పుకో, సిమ్ముకో దరఖాస్తు పెడితే మీకు మెసేజ్ వస్తుంది. నష్టపోయామని రుజువు చూపించినవాళ్ళకు పరిహారం ఫారం, నాలుగు పేజీలు.

మా అత్తగారికి కూడా మెసేజ్ వచ్చింది. ఆవిడ ఆ షాపులవాళ్ళు ఇచ్చిన కార్డు మీదే మోకాళ్ళ మందులు కొంటుంది. ‘‘నా మోకాళ్ళ నొప్పి ఎత్తుకుపోయి వాడేం చేసుకుంటాడే? మందులు కాదు, నొప్పిని కూడా పట్టుకుపొమ్మను’’ అంది. కడుపుబ్బ నవ్వుకున్నాం. ఆ వారమంతా నాకు అది నవ్వులాటగానే ఉంది.

పథకంలో ఎక్కువమందిని చేర్పించినవాళ్ళ పేర్లు గోడ మీద పెట్టేవారు. నాది మూడో పేరు. రెండో పేరు మీద నాకు కన్నుంది. ఇది దాచుకుని మిగతా కథ చెబితే నాకు సిగ్గుండదు.

సోమవారం పొద్దున ఒకామె ఫోన్ చేసింది. వెనకాల ఏదో యంత్రం గరగరమంటోంది. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తానని, చప్పుడుకు ఏమీ అనుకోవద్దని అంది. ఆమె ఆమేనని నమ్మడానికి మేం మూడు ప్రశ్నలు అడుగుతాం. పుట్టిన తేదీ, కార్డు తీసుకున్నప్పటి అడ్రసు, ఇంట్లో ఒకరి పేరు. మూడూ చెప్పింది. చివరిది ఆమె కూతురి పేరు. నా ముందు స్క్రీను తెరుచుకుంది. ఏ మందు కొంటుంది, చివరిసారి ఏ వీధిలోని షాపులో కొంది, అన్నీ వరసగా ఉన్నాయి.

ఆమెకు పరిహారం అక్కర్లేదు. ఒక్కటే తెలియాలి. ‘‘పోయిన అడ్రసు పాతదా, కొత్తదా?’’ అని అడిగింది.

ఆమె పేరు మీద ఉన్నది ఒకే అడ్రసు, చాలా పాతది. రాసిచ్చిన మాటలు పక్కనపెట్టి ఆ సంగతి చెప్పేశాను. ఆమె ఊపిరి వదలడం యంత్రం చప్పుడులో కూడా వినిపించింది.

‘‘ఆ ఇంట్లో ఉన్నది మా ఆయన’’ అంది. ‘‘నేనెక్కడున్నానో అతనికి తెలియకూడదు. మూడేళ్ళుగా తెలీదు.’’

ఏడుపు లేదు, వణుకు లేదు. అద్దం నెంబరు చెప్పినట్టు చెప్పింది. కార్డు కూతురి ఆయాసం కోసమట. డాక్టరు చీటీ అందులో ఎక్కించి ఉంది కాబట్టి ఏ ఊళ్ళోనైనా ఇన్‌హేలర్ ఇస్తారు. అందుకే దాన్ని వదులుకోలేదు. ఎప్పుడూ తనే వెళ్ళి కొనుక్కొస్తుంది, కొత్త అడ్రసు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

సరేనండీ, ఉంటాను అని అక్కడితో పెట్టేసి ఉంటే బాగుండేది. పదకొండు లక్షల మందిలో ఆమె ఒక్కతే నిజంగా తప్పించుకున్న మనిషి. దొంగల చేతికి చిక్కింది ఆమె వదిలేసి వచ్చిన ఇల్లు. కానీ గోడ మీద రెండో పేరు ఉంది కదా. నిజం చెప్పాలంటే జాలి కూడా ఉంది. ఇలాంటి మనిషికి కాకపోతే రక్షణ ఇంకెవరికి అనుకున్నాను. ఆమె రెండుసార్లు వద్దంది. పథకంలో చేరాలంటే ఇప్పుడున్న అడ్రసు ఇవ్వాలి, అదే ఆమె భయం. నేను వదల్లేదు. మీ పేరుతో ఎవరేం చేసినా ముందు మీకే తెలుస్తుందని, ఈ అడ్రసు మా దగ్గర తప్ప ఎక్కడికీ పోదని నచ్చజెప్పాను. మీ అక్క చెబుతోందనుకోండి అన్నాను. అక్కనట, ఆరు నిమిషాల అక్కని.

మూడోసారి ఆమె ఒప్పుకుంది. యంత్రం మళ్ళీ తిరగడం మొదలయ్యేదాకా ఆగి, పక్కవాళ్ళకు వినబడకుండా, ఇంటి నెంబరు, వీధి, అంతస్తు మెల్లగా చెప్పింది. ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టాను. మొత్తం అయిదు నిమిషాల నలభై సెకన్లు. గడియారం నన్ను చూసి తల పంకించాడు.

బుధవారం ఒక పెద్దాయన ఫోన్లో నా మీద విరుచుకుపడ్డాడు. ఇల్లు మారానని చెప్పి కొత్త అడ్రసు ఇస్తే, మీరు పాత ఇంటికి ఉత్తరం పంపారేమిటన్నాడు. అక్కడ అద్దెకున్నవాళ్ళు దాన్ని విప్పి, ఆయన కొత్త ఇంటి నెంబరు ఫోన్లో ఆయనకే చదివి వినిపించారట. నేను అలవాటుగా జవాబు మొదలుపెట్టాను. ఇది మీ మంచికేనండీ, అడ్రసు మార్చింది దొంగే అయితే అసలు మనిషికి తెలియాలి కదా, అందుకని పాత అడ్రసుకు ఒక కాపీ వెళ్తుంది, కొత్త అడ్రసు లావు అక్షరాల్లో వేసి ఈ మార్పు మీరే చేశారా అని అడుగుతారు...

శిక్షణలో మొదటిరోజు చెప్పిన పద్ధతే అది. పరీక్షలో కూడా రాశాను, పూర్తి మార్కులు వచ్చాయి. మాట నోట్లో ఉండగానే సోమవారం నాటి ఆమె గుర్తొచ్చింది. పెద్దాయన హలో, హలో అంటూనే ఉన్నాడు.

ఆమె వివరాలు తెరిచాను. ఉత్తరం మంగళవారం సాయంత్రం వెళ్ళిపోయింది. చేరడానికి రెండు నుంచి నాలుగు రోజులు.

గడియారం దగ్గరికి పరిగెత్తాను. విని అతని ముఖం పాలిపోయింది. ఉత్తరాలు అచ్చువేసేది ఇంకో ఊళ్ళో ఇంకో కంపెనీ. వాళ్ళకు ఫోన్ చేశాడు. మూడోసారికి ఎవరో ఎత్తి, పోస్టులో పడినవాటితో తమకు సంబంధం లేదన్నారు. ఆమెకు ఫోన్ చేసి చెబుదామంటే, కస్టమరు చేస్తే మాట్లాడాలి తప్ప మనంతట మనం చెయ్యడానికి వీల్లేదు. దొంగతనం తర్వాత వచ్చిన కొత్త నియమమది. ఫిర్యాదు నమోదు చెయ్యి, మూడు రోజుల్లో పైవాళ్ళు చూస్తారు అన్నాడు. తర్వాత నా ముఖం చూసి, ‘‘నీ తప్పేం లేదమ్మా, పద్ధతి ప్రకారమే చేశావు’’ అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు. ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయింది.

రాసుకోవడానికి పెన్ను లేదు. స్క్రీను మీద ఆమె ఫోన్ నెంబరు నాలుగుసార్లు చదివి, పెదాల కింద వల్లిస్తూ బయటికి నడిచాను. గదులు ఊడ్చే పిన్ని ఎదురై తిన్నావా అని అడిగింది. నోరు తెరిస్తే అంకెలు చెదిరిపోతాయని పలక్కుండా దాటిపోయాను. ఆవిడ ఆ తర్వాత మళ్ళీ నాతో మాట్లాడలేదు. లాకర్లోంచి ఫోను తీసి మెట్ల మీద నిలబడి చేశాను.

తిడుతుందనుకున్నాను. తిడితే పడదామని సిద్ధపడ్డాను. నేను చెబుతూ ఉండగా వెనకాల యంత్రం ఆగిపోయింది.

‘‘ఏ రోజు పంపారు?’’ అంది.

‘‘మంగళవారం.’’

‘‘పొద్దున్నా, సాయంత్రమా?’’

‘‘సాయంత్రం.’’

‘‘సరే’’ అని పెట్టేసింది. నన్ను నిలదీయడానికి కాదు అడిగింది. తన చేతిలో ఎన్ని గంటలున్నాయో లెక్క చూసుకుంది.

సీటుకు తిరిగొచ్చి ఫిర్యాదులో కింద ఒక వాక్యం చేర్చాను: కస్టమరుకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఎవరూ అడగలేదు. నేను చేసిన ఒక్క మంచి పని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనిపించింది.

శనివారం ఏదో కొత్త నెంబరు నుంచి నా ఫోనుకు ఆమే చేసింది. గురువారమే బయటపడ్డారట. మూడేళ్ళు కూర్చోబెట్టి పని నేర్పిన షాపు యజమానికి వెళ్తున్నానని కూడా చెప్పలేదట. కూతురు స్నేహితురాలి దగ్గర తెచ్చుకున్న రంగు పెన్సిళ్ళు ఇచ్చి వస్తానని మారాం చేసిందట. అవి ఇంకా సంచీలోనే ఉన్నాయంది. పరిహారానికి రాయండి, మీ దగ్గర రుజువుంది, నేను సాక్ష్యం చెబుతానన్నాను.

ఆమె నవ్వింది. ‘‘ఫారం చూశానండీ. నాలుగో పేజీలో ఇప్పుడుంటున్న అడ్రసు రాయాలట. రాయకపోతే చెల్లదట.’’

ఇంతా అయ్యాక కూడా నాకు బుద్ధి రాలేదు. ఇప్పుడు ఎక్కడున్నారని అడిగేశాను.

‘‘మీరు మంచివారే’’ అంది. ‘‘అందుకే చెప్పను.’’

తర్వాతి వారం నన్ను పై అంతస్తుకు పిలిచారు. హెచ్చార్ మేడం ముందు నేను రాసిన వాక్యం ఉంది, దాని కింద ఎర్రగీత ఉంది. ఆవిడ దగ్గర పెన్ను ఉంది. కస్టమరు నెంబరును అనుమతి లేకుండా తీసుకుని సొంత ఫోన్లో వాడానంది. కారణం నేను చెప్పబోతే, కారణాలు ఫారంలో రాయడానికి చోటు ఉందంది. టీవీలో పదకొండు లక్షల మంది సంగతిని వాళ్ళు ఒక సంఘటన అన్నారు. నేను ఒక్క నెంబరు గుర్తుపెట్టుకుంటే దాన్ని ఉల్లంఘన అన్నారు. ఆ రోజే ఉద్యోగం ఊడింది, తీసేస్తున్నామని ఒక ఉత్తరం చేతిలో పెట్టారు. గడియారం గేటు దాకా వచ్చాడు. మణికట్టు చూసుకోలేదు.

ఇంటికి వచ్చి కూర్చున్నాక గానీ ఆ ఉత్తరం చివరిదాకా చదవలేదు. ఆఖరి పేరాలో ఇలా ఉంది: ‘నియమాల ప్రకారం ఈ ఉల్లంఘన గురించి బాధిత కస్టమరుకు, రికార్డులో ఉన్న అన్ని చిరునామాలకు, లిఖితపూర్వకంగా తెలియజేశాం. ఆమె జాగ్రత్త కోసం, ఫోన్ చేసిన నెంబరును అందులో పొందుపరిచాం. రక్షణ పథకాన్ని మరో ఏడాది ఉచితంగా పొడిగించాం.’

అన్ని చిరునామాలకు. అంటే ఆ పాత ఇంటికి కూడా. ఫోన్ చేసిన నెంబరు నాది.

పదో రోజు పొద్దున నేనూ అత్తగారూ బఠాణీలు ఒలుస్తుంటే ఫోను మోగింది. మగగొంతు. మెత్తగా, మర్యాదగా ఉంది. మా కాల్ సెంటర్లో నా పక్క సీట్లో కూర్చోబెడితే ఆ గొంతుకు నెల తిరక్కుండా గోడ మీద మొదటి పేరు దక్కేది.

‘‘మా ఆవిడతో మీరు మాట్లాడారట కదమ్మా’’ అన్నాడు. ‘‘ఉత్తరంలో ఉన్న ఇంటికి వెళ్ళాను. తాళం వేసుంది. మీ కంపెనీవాళ్ళు బాధ్యత గలవాళ్ళు, నాకు రెండు ఉత్తరాలు రాశారు. మీరొక్క మాట సాయం చెయ్యండి.’’

నాకు తెలీదన్నాను. అబద్ధం ఆడే అవసరం కూడా లేకుండా చేసింది ఆమె. అందుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

‘‘పర్లేదమ్మా’’ అన్నాడు. ‘‘పాపకు ఆయాసం. ఎక్కడున్నా మందు కొనక తప్పదు కదా. చివరిసారి ఏ షాపులో కొన్నారో కంపెనీకే ఫోన్ చేసి కనుక్కుంటాను. వాళ్ళు బాగా మాట్లాడతారు.’’ పెట్టేశాడు.

పుట్టిన తేదీ, పాత అడ్రసు, ఇంట్లో ఒకరి పేరు. ఆ మూడూ చెప్పిన మనిషికి మావాళ్ళు తలుపు తీస్తారు. భర్తనని, ఆవిడకు ఒంట్లో బాగాలేదని అంటే చాలు. మూడూ అతనికి నాకంటే బాగా తెలుసు. ఆ కార్డు మీద మందు కొనొద్దని ఆమెకు చెప్పాల్సింది. శనివారం ఆమె నా చెవిలో మాట్లాడుతుండగా ఆ ముక్క నా బుర్రకు తట్టలేదు. పరిహారం గురించి ఉపన్యాసం ఇచ్చాను.

ఆమె చేసిన కొత్త నెంబరుకు చేశాను. అది వాడుకలో లేదంది. గడియారానికి చేశాను. లాకర్లో మోగి మోగి ఆగిపోయింది. ఇక మిగిలింది ఆరేళ్ళు నేను ఎత్తిన నెంబరే. దానికి నేనే చేశాను.

‘‘మీ భద్రతే మాకు ముఖ్యం’’ అంది టేపులోని గొంతు. ‘‘దయచేసి లైన్‌లో ఉండండి. మీకంటే ముందు ఇరవై ఆరుగురు ఉన్నారు.’’

‘‘ఎవరే ఫోన్లో?’’ అని అత్తగారు అడిగింది. ఆ ఇరవై ఆరుగురిలో అతను ఎన్నోవాడో నాకు తెలియదు.