వెనుక మరొకరి గొంతు

ఫోన్ తెర మీద వచ్చే వాక్యాలను చదివి, రికార్డు చేసి పంపితే కంప్యూటర్‌కు తెలుగు మాట నేర్పే కంపెనీ వాళ్లు వాక్యానికి ఇంతని డబ్బులిస్తారు. ఉప్పల్‌లో ఉద్యోగం చేసే పక్క ఫ్లాట్ నీరజ నాకు ఈ పని ఇప్పించింది. నేను పంపినవన్నీ తిరిగొచ్చాయి. కారణం ఒకటే: "వెనుక మరొకరి గొంతు వినిపిస్తోంది."

ఒళ్లు మండిపోయింది. నాచారంలోని ఈ రెండు గదుల్లో ఉండేది నేనొక్కదాన్నే. ఫ్యాన్ ఆపాను, కిటికీలు మూశాను, ఫ్యాక్టరీ లారీలు పోయేదాకా ఆగి మళ్లీ చదివాను. మళ్లీ అదే జవాబు.

చివరికి నీరజను పిలిచాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కాసేపు విని, వాటిని తీసి నా చేతిలో పెట్టింది.

"మీరు వాక్యం ఆపంగనే ఎవరో ఊఁ కొడుతున్నరు, ఆంటీ. జర మీరే వినుండ్రి."

విన్నాను. చూపు పోయాక మా ఆయనకు రోజూ నేనే పేపర్ చదివి వినిపించేదాన్ని. నిద్రపోలేదని నాకు తెలియాలని వాక్యం వాక్యానికీ అలాగే ఊఁ కొట్టేవారు. ఆయన పోయి ఏడాది దాటింది.

నీరజ వెళ్లిపోయింది. తెర మీద తర్వాతి వాక్యం ఉంది. చేతికొచ్చిన పని కదా అని చదివేశాను.

"మా ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు."

చదివి ఆగాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఊఁ వినపడలేదు.

అది అంగీకరించారు. ఆ తర్వాత నేను పంపినవేవీ తిరిగి రాలేదు.