అటు తిరిగిన మనిషి

వంటింటి అలమరా చేయగా మిగిలిపోయిన ప్లైవుడ్ ముక్కను నేను. పొయ్యిలోకి తప్ప పనికిరానని వడ్రంగి తేల్చేశాడు. తణుకులో ఆ ఇంటి కోడలు హైమావతి మాత్రం నన్ను గోడకానించి, మధ్యాహ్నాలన్నీ రంగులతో నా మీద ఖర్చుపెట్టి, ఒక పల్లె దృశ్యంగా మార్చింది.

నా కింది అంచున కోతలైపోయిన వరిచేలు. కుడిమూల నుంచి సన్నటి బాట బయలుదేరి, రెండు తాటిచెట్ల నడుమ మాయమవుతుంది. దాని మీద తలపై గంపతో ఒక ఆడమనిషి అటు తిరిగి నడిచిపోతూ ఉంటుంది. మిగతాదంతా బూడిదరంగు ఆకాశం.

హైమావతి భర్త ప్రకాశరావు తల పక్కకు వంచి చూశాడు. "పైనంతా ఖాళీ వదిలేశావేంటే? ఓ కొబ్బరిచెట్టన్నా పట్టేది."

"వదల్లేదండీ, వేశాను."

ఆయన కాసేపు వెతికి, పేపరు తీసుకున్నాడు.

హాల్లో నాకో మేకు దొరికింది. పనుల మధ్య హైమావతి నా ముందు ఆగి, ఆ ఆకాశంలోకి కాసేపు వెళ్లొచ్చేది. కుక్కరు కూతేసి వెనక్కి పిలిచేది.

ఒక శుక్రవారం అత్తగారు సీతారత్నం దీపం పెట్టి వస్తూ నా దగ్గర ఆగింది.

"ఏమ్మా, గంపెత్తుకుని అలా పోతందేంటి ఆవిడ? లక్ష్మీదేవి ఇంట్లోంచి లేచెళ్లిపోతన్నట్టు లేదూ? ఇటు తిప్పు. లేదంటే అటకెక్కించెయ్."

"తిప్పితే మొహం వెయ్యాలి అత్తయ్యగారూ. నాకు మొహాలు రావు."

"నా మొహం చూసి వెయ్యి. రోజూ చూసేదేగా!"

అటకే నయమనిపించింది నాకు.

హైమావతి గంప మనిషిని వేలితో చూపించింది. "ఆవిడ మనింటికే వస్తోందనుకోండి?"

"అందులో మనిల్లెక్కడుందే?"

"రేపు కట్టేస్తాను."

అన్నట్టే కట్టింది. బాట పక్కన, తాటిచెట్లకు కాస్త ఇవతల, మామిడి తోరణంతో సహా ఇల్లు. ముందు ఈ ఇంటి ఆకుపచ్చ గేటే. ఆకాశంలో అరచేతి మేర పోయింది. మనుషులు ఇల్లు కడితే కాస్త ఆకాశం పోవడం మామూలే కనుక నేను పట్టించుకోలేదు. హైమావతి మాత్రం ఆ సాయంత్రం కాఫీలో పంచదార మరిచిపోయింది.

ఇప్పుడు చుట్టాలెవరొచ్చినా సీతారత్నం నన్నే ముందు చూపిస్తుంది. "అదిగో, మా గేటే! లక్ష్మి మా ఇంటికే వస్తంది."

వాళ్లు దూరం నుంచే తలలూపి కుర్చీల్లో కూర్చుంటారు. దగ్గరికొచ్చి చూసినవాళ్లు ఇంతవరకూ లేరు. ఇల్లు కట్టిన రోజున హైమావతి బాటను ముట్టుకోనేలేదు.

"అవునండీ, మనింటికే," అంటూ ఆవిడ కాఫీ కప్పులు అందిస్తుంది.

బాట మాత్రం ఆ గేటు ముందు ఆగదు.