మనోళ్ల నెత్తురు

హైదరాబాదులో గుండెకు బైపాస్ ఆపరేషన్ చేయించుకుని వరంగల్ వచ్చినప్పటి నుంచి సారంగపాణికి ఒకటే మురిపెం. ఎవరు చూడవచ్చినా చొక్కా గుండీలు విప్పి ఛాతీ మీది కోత చూపించేవాడు.

"కోసింది డాక్టర్ సాబే గని, బతికించింది మా కొమురెల్లి. ఇప్పుడు నా పెయ్యిల తిరిగేది మా తమ్ముని నెత్తురే" అనేవాడు.

మొండి మనిషి. దవాఖానవాళ్లు తమ దగ్గరున్న రక్తం ఎక్కిస్తామంటే ససేమిరా అన్నాడు. ఎవడో తాగుబోతు అమ్ముకున్న బజారు నెత్తురు తన గుండెలోకి ఎందుకు పోవాలట! మిల్లులో ఫిట్టర్ సారంగపాణి పట్టు పట్టాడంటే ఉడుం పట్టే. చివరికి రఘునాథపల్లి నుంచి తమ్ముడు కొమురెల్లి, మరికొందరు చుట్టాలు నాగళ్లు విడిచి రైలెక్కి వెళ్లి నెత్తురిచ్చి వచ్చారు. ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా భార్య భద్రమ్మ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని మురిసిపోయేది. అత్త పోయాక కొమురెల్లిని కన్నకొడుకులా సాకింది ఆమే మరి.

రెండు నెలలు బాగానే గడిచాయి. తర్వాత సారంగపాణికి అన్నం సయించడం మానేసింది. ఒక పొద్దున ముఖం కడుక్కుని తువ్వాలు తీసిన మొగుణ్ణి చూసి భద్రమ్మ చేతిలోని చెంబు జారిపోయింది. ఆయన కళ్లు రెండూ పసుపు పూసినట్టున్నాయి.

ఆ రంగు ఆమెకు కొత్త కాదు. కొన్నేళ్ల కిందట కొమురెల్లి కళ్లు అచ్చం ఇలాగే ఉంటే, తనే తొర్రూరు పక్క ఊళ్లో పసరు పోసే మొగిలమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. మొగిలమ్మ ఆకుపసరు తాగించి, ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది.

"రోగాన్ని పేరు వెట్టి పిలిస్తే మళ్ల వస్తది బిడ్డా. గిప్పటి సంది దాని పేరు మీ నోట్ల నుంచి రావద్దు. మళ్లొస్తే నా మందు పనిజెయ్యది."

చదువుకున్నవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోవచ్చు. పోతాడనుకున్న పిల్లవాడు లేచి నాగలి పట్టడం కళ్లారా చూసిన భద్రమ్మకు మాత్రం ఆ మాట వేదమే అయింది. అందుకే హైదరాబాదులో సూది గుచ్చబోతూ నర్సమ్మ, "కామెర్లు, గదే పసిరికలు, ఎప్పుడన్నా అయినయా?" అని అడిగినప్పుడు కొమురెల్లి బిక్కమొహం వేసి వదినె వైపు చూశాడు. భద్రమ్మ అతని భుజం తట్టి, "ఏ రోగం లేదమ్మా, ఎద్దు తీరుగుంటడు" అంది. మరిది చల్లగా ఉండాలి, మొగుడు బతకాలి. ఆమె కోరుకున్నది అంతే.

ఇప్పుడు వరంగల్ దవాఖానలో డాక్టరు సారంగపాణి కనురెప్ప లాగి చూసి, భద్రమ్మను పక్కకు పిలిచాడు.

"ఆపరేషన్ల ఎక్కిన రక్తంతోని వచ్చినట్టుందమ్మా. కామెర్లు తగ్గినా కొందరి నెత్తుర్ల ఆ విషం ఉండిపోతది, పరీక్షల గూడ దొరకది. వాళ్లకేం కాదు, తీసుకున్నోళ్లకు వస్తది. లివర్ బాగ పాడైంది. మా ప్రయత్నం మేం చేస్తం."

భద్రమ్మకు తన నాలుకను తనే కోసుకోవాలనిపించింది. ఎవరికి చెప్పుకోవాలి? చెబితే కొమురెల్లి ఏ బావిలోనో దూకుతాడు. చెప్పకపోయినా మొగుడు దక్కడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు నొక్కుకుని మంచం పక్కన కూర్చుంది.

కొమురెల్లి మాత్రం కాలు నిలవక తిరిగాడు. తొర్రూరు బస్సెక్కి పోయి మొగిలమ్మ పసరు తెచ్చాడు. "మంచిగయితది వదినె, నాకు గాలేదా?" అన్నాడు, రోగం పేరెత్తకుండా. ఆ పసరు కూడా సారంగపాణి కడుపులో నిలవలేదు. చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి నెత్తురు కారడం మొదలైంది. వెంటనే రక్తం కావాలి, ఇచ్చేవాళ్లను పిలవండి అన్నాడు డాక్టరు.

ఆ మాట పూర్తి కాకముందే కొమురెల్లి అంగీ చేతులు పైకి మడిచాడు.

భద్రమ్మ లేచి అతని చెయ్యి పట్టుకుంది. "నీది వద్దయ్యా."

"ఎందుకొద్దు? అన్నకు నాది సరిపోతది గదా! జరుగు వదినె, ఆలస్యమయితాంది."

"ఇయ్యనియ్యే భద్రా" అన్నాడు మంచం మీంచి సారంగపాణి, మాట ముద్దగా. "బయటోళ్లది నాకొద్దు. మా తమ్మునిదే ఎక్కియ్యిండ్రి."

నర్సు సూది పట్టుకుని నిలబడింది. భద్రమ్మ ఇన్నేళ్లు పెదవి దాటనివ్వని మాట బయటపడింది.

"నీకప్పుడు పసిరికలయినయ్ కొమురెల్లీ. గా నెత్తురే అన్నకెక్కింది. నాకెరుకే. నర్సమ్మ అడిగితే నేనే లేదన్న."

ఒట్టు తప్పిన వదినె నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయాడు కొమురెల్లి. సగంలోనే ఆ చెయ్యి ఆగిపోయింది. అన్న పసుపు కళ్లకేసి చూశాడు. మడిచిన అంగీ చేతిని మెల్లగా కిందికి లాక్కున్నాడు.

సారంగపాణికి వాళ్ల మాటలు వినబడ్డాయో లేదో తెలియదు. "రా తమ్మీ" అని చెయ్యి చాచాడు.

కొమురెల్లి వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. సాయంత్రం అన్న ప్రాణం పోయేదాకా ఆ చెయ్యి పట్టుకోవడానికి రాలేదు.