కుందేలు బొమ్మ లేని డబ్బా

రోజు విడిచి రోజు వచ్చి కుర్చీలో వాలే మనిషి ఇరవై రోజులుగా కనపడకపోయేసరికి బార్బరు మాటిమాటికీ గుమ్మంలోకొచ్చి వీధి చివరిదాకా చూస్తున్నాడు. ఎదురుగా ఏసీ సెలూను వెలిశాక పాతవాళ్లంతా ఒక్కొక్కరే జారుకున్నారు. మర్యాదకి ఇటు చూడకుండా తలొంచుకుని పోతారు, అదొకటి. మిగిలింది నున్నన్న ఒక్కడే. చెంపలెప్పుడూ గాజుపలకలా ఉంటాయని వీధి పెట్టిన పేరది. అతనూ పోతే ఇక ఈ షాపులో మాట్లాడటానికి అద్దమే గతి.

చివరికి బస్టాపులో దొరికాడు. మొహం నిండా నెరిసిన గడ్డం.

"ఏం బావా, మొహానికి సెలవిచ్చావా? లేక ఎదురు షాపువాడు బాగా పెంచుకుని రమ్మన్నాడా?"

"నీ క్రీము పడట్లేదు బావా."

"ఇరవై ఏళ్లు పడింది. ఇప్పుడేమొచ్చింది దానికి?"

నున్నన్న చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. పన్నెండేళ్లుగా ఆఫీసు పని అని చెప్పుకున్నది నిజానికి ల్యాబులో కుందేళ్లని పట్టుకునే పని. ఇలాంటి సరుకే వాటి కళ్లల్లో వేస్తారు. ఎంత ఎర్రబడిందో ఇతను కాగితం మీద రాయాలి. పోయిన నెల మానేశాడు.

"నురగ అంటగానే ఆ గది కళ్ల ముందుకొస్తోంది. ఏ జంతువు మీదా పరీక్ష చెయ్యనిది చూడు, వచ్చి కూర్చుంటా."

"కుందేలు కోసం నన్నొదిలేస్తావన్నమాట!" అని నవ్వేశాడు గానీ, ఇంటికెళ్లాక బార్బరుకి ముద్ద దిగలేదు.

మర్నాడు షాపు మూసి బయల్దేరాడు. అయిదో క్లాసుతో బడికి దణ్ణం పెట్టినవాడు, డబ్బాల మీది చీమల బారులాంటి ఇంగ్లీషు చదవలేడు. బొమ్మలు చదువుతాడు. చేప డబ్బా మీద చేపుంటుంది, లోపల చేపే ఉంటుంది. మొదటి షాపులో రెండు క్రీము డబ్బాల మీద గెంతుతున్న కుందేలు కనపడేసరికి ఒళ్లు మండిపోయింది.

"దాని కళ్లు పోగొట్టింది చాలక బొమ్మ కూడా వేసుకుంటారా? సిగ్గుండాలి!"

"అన్నా, కొంటే కొను. తిట్లు బయట," అంది షాపావిడ.

నాలుగు షాపులు తిరిగి, అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడా కుందేలు లేని డబ్బా పట్టుకుని నేరుగా నున్నన్న ఇంటి తలుపు తట్టాడు. "చూడు, ఎక్కడా ఒక్క కుందేలు బొమ్మ లేదు," అని చేతిలో పెట్టాడు.

నున్నన్న డబ్బా చూసి ముందు పకపకా నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది.

"బావా, వాటి జోలికి పోలేదని చెప్పడానికే ఆ బొమ్మ. నువ్వు తెచ్చింది మా గదికొచ్చిన సరుకు."

బార్బరు మొహం మాడిపోయింది. "సరే, బొమ్మున్నదే తెస్తా."

"అవి మంచివే అయ్యుంటాయి. కానీ పైన ఒక రాత, లోపల ఒక పని పన్నెండేళ్లు చూశాను. నాకే నమ్మకం చచ్చింది. నీ తప్పేం లేదులే."

తప్పు లేదంటే ఇంకా కాలింది. తప్పుంటే దిద్దుకోవచ్చు.

మూడు రోజులు బార్బరు తన వంటింట్లోనే కుస్తీ పట్టాడు. కలబంద గుజ్జు, నూనె, వేణ్ణీళ్లు. మొదటిరోజు జారుడెక్కువై తన చెంప మీదే కత్తి తప్పి రెండుచోట్ల తెగింది. రెండోరోజు గుజ్జు చింది కంట్లో పడింది. మూడోరోజు నూనె తగ్గిస్తే కత్తి నున్నగా సాగింది. నాలుగోరోజు గిన్నె, కత్తి పట్టుకుని నున్నన్న ఇంటికి వెళ్లాడు.

నున్నన్న గిన్నెవైపు చూడనే లేదు. బార్బరు గడ్డం కింద వేలు పెట్టి మొహం వెలుతురుకి తిప్పాడు. రెండు గాట్లు చూశాడు. బొటనవేలితో కింది రెప్ప లాగి చూశాడు.

"మండిందా?"

"మండక? చుక్కలు కనపడ్డాయి."

"ఎంతసేపు?"

"ఎంతసేపేంటి, వెంటనే కడిగేసుకున్నా. చేతులున్నాయిగా."

నున్నన్న రెప్ప మీంచి వేలు తియ్యలేదు.

"వాటిని పెట్టెలో పెడతాం బావా. తల ఒక్కటే బయటుంటుంది. తుడుచుకోవడానికి కాళ్లు అందవు."

నోరు తెరిస్తే వెటకారం తప్ప రాని బార్బరు, చొక్కా చేతులు పైకి మడిచాడు.

నున్నన్న గోడవారనున్న స్టూలు తనే లాక్కున్నాడు. కిటికీ దగ్గర కూర్చుని మెడ వెనక్కి వాల్చాడు.

"మెల్లిగా కానీ," అన్నాడు.